దగ్గని గుర్రం

మా ఊళ్లో ప్రభుత్వం ఏ మంచి పని మొదలుపెట్టినా ముందు నాకు కబురొస్తుంది. నేనేదో పెద్ద మనిషినని కాదు, బ్యాండు మేళం నడుపుతాను గనక. జ్ఞానరత్నం అండ్ పార్టీ, రైల్వే గేటు పక్కన, చినరేవు. రిబ్బను కత్తిరించేటప్పుడు క్లారినెట్ మోగకపోతే పథకం మొదలైనట్టు ఎవరికీ నమ్మకం కుదరదు. అందువల్ల గుర్రాల ఫ్లూ విషయంలో మా జిల్లా సాధించిన ఘనవిజయాన్ని మొదటి నుంచి చివరిదాకా దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది. అదెలా జరిగిందో చెప్పమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. అయినా చెబుతాను.

ఎక్కడో పై రాష్ట్రంలో గుర్రాలు జ్వరమొచ్చి దగ్గుతున్నాయని పేపర్లో పడింది. మా జిల్లాలో అప్పటికి ఒక్క గుర్రం కూడా దగ్గలేదు. కానీ జబ్బు వచ్చాక కళ్లు తెరవడం పాత పద్ధతి, రాకముందే తెరవడం కొత్త పద్ధతి అట. పశువుల శాఖ వాళ్లు ఆగమేఘాల మీద మార్గదర్శకాలు తయారుచేశారు. ఇకమీదట ఏ గుర్రమైనా రోడ్డెక్కాలంటే రెండు సర్టిఫికెట్లు ఉండాలి. ఒకటి, ఫ్లూ టీకా వేయించుకున్నట్టు. రెండోది, రక్తంలో ఫ్లూ ఆనవాళ్లు లేవని పరీక్షలో తేలినట్టు. వినడానికి ఎంత ముచ్చటగా ఉందో చూడండి. నేను కూడా విని తలూపాను.

పశువుల ఆసుపత్రిలో ఒకే వరండాకి ఆ చివర టీకాల విభాగం, ఈ చివర పరీక్షల విభాగం. టీకాలకి డాక్టర్ పురుషోత్తం గారు, పరీక్షలకి డాక్టర్ హైమావతి గారు. ఇద్దరూ చదువుకున్నవాళ్లు, ఇద్దరూ మంచివాళ్లు. మధ్యాహ్నం ఒకరి క్యారేజీలో పప్పు ఇంకొకరు వడ్డించుకుంటారని అటెండరు చెప్పాడు. కాకపోతే ఆఫీసు విషయం ఏదైనా మాట్లాడుకోవాలంటే మాత్రం ఆ గదిలోంచి కాగితం రాజధానికి వెళ్లి, అక్కణ్ణుంచి ఈ గదికి రావాలి.

ఇక కాలేషా. మా ఊళ్లో పెళ్లికొడుకు ఆడపెళ్లివారి వీధిలోకి గుర్రం మీదే రావాలి. ముందు నా బ్యాండు, వెనక కాలేషా గుర్రం. వాళ్ల నాన్న జట్కా తోలేవాడు. జట్కాలు పోయాక కాలేషా ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొని, దానికి బేగం అని పేరు పెట్టి, పెళ్లిళ్లకి తిప్పుకుంటూ బతుకుతున్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే బేగం రోడ్డెక్కాలి. అంతకుమించి ఆస్తిపాస్తులేమీ లేవు. ఆయన భార్యని పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు గానీ, బేగాన్ని మాత్రం రోజుకి వందసార్లు పిలుస్తాడు.

టీకాల శిబిరం మున్సిపల్ మైదానంలో పెట్టారు. షామియానా, మైకు, మేము. ఊళ్లో ఉన్నవి పద్నాలుగు గుర్రాలు. వేదిక మీద కుర్చీలు అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. పురుషోత్తం గారు మైకు అందుకున్నారు.

"ఈ శుభ సందర్భంగా నేను సవినయంగా మనవి చేసేదేమంటే, అశ్వ సంక్షేమమే సమాజ సంక్షేమం. మన లక్ష్యం నూటికి నూరు శాతం. టీకా వేసిన వెంటనే గుర్రం రక్తంలో యాంటీబాడీలనే సైనికులు పుట్టుకొస్తారు. ఆ సైనికులు ఉన్నంతకాలం జబ్బు ఈ జిల్లా పొలిమేర తొక్కజాలదు."

తెల్లగా ఉంటే ఫోటోలో బాగా పడుతుందని మొదటి సూది బేగానికే అన్నారు. మెళ్లో బంతిపూల దండ వేశారు. అది దండలో సగం తినేసింది. కాలేషా అరచేత్తో దాని కన్ను మూసి, "నొప్పెడద్దా అండీ?" అని అడిగాడు.

"ఇది నొప్పి కాదు కాలేషా, రక్షణ."

"అదేనండీ, ఆ రక్షణ ఎక్కడ పొడుస్తారో చెబితే అక్కడ కాస్త నిమురుతాను."

నెల తిరిగాక రెండో డోసు కూడా పడింది, మళ్లీ మా బ్యాండుతోనే. కాలేషా, టీకా వేశామని వాళ్లిచ్చిన పచ్చ సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించి బేగం నుదుటి మీద కుచ్చు పక్కన కట్టాడు. దాన్ని చూసి నేను నవ్వితే, "చదువుకున్న గుర్రం మాస్టారూ" అన్నాడు.

ఊరంతటికీ టీకా తప్పించుకున్న గుర్రం ఒక్కటే, వీరాస్వామి పొట్టి గుర్రం. వీరాస్వామికి సూదంటే చచ్చేంత భయం. గుర్రానికి కూడా అలాగే ఉంటుందనుకుని రెండుసార్లూ దాన్ని అత్తగారి ఊరికి తోలుకుపోయాడు.

తర్వాత హైమావతి గారు రక్తాలు తీశారు. ఫలితాలు వచ్చాయి. టీకా వేసిన ప్రతి గుర్రమూ పాజిటివ్. వీరాస్వామి పొట్టి గుర్రం ఒక్కటి నెగెటివ్.

కాలేషా పాజిటివ్ అని రాసిన ఎర్ర కాగితం పట్టుకుని రొప్పుతూ నా దగ్గరికొచ్చాడు. ఇద్దరం కలిసి పరీక్షల విభాగానికి పోయాం.

"అమ్మా, దానికి దగ్గు లేదు, జ్వరం లేదు. పొద్దున్నే ఉలవలన్నీ తినేసి బకెట్టు కూడా నాకింది. దానికి జబ్బేందమ్మా?" అన్నాడు కాలేషా.

హైమావతి గారు ఎంతో ఓపికగా చెప్పారు. "లక్షణాలు లేని పాజిటివ్ ఇది. చాలా ప్రమాదకరమైన కేటగిరీ."

"టీకా వేశాక రక్తంలో సైనికులేవో వస్తారని ఆ సారు మైకులో చెప్పారండీ..."

"కరెక్టే. టీకా వేస్తే యాంటీబాడీలు వస్తాయి. జబ్బు చేసినా వస్తాయి. ఈ పరీక్ష అవి ఉన్నాయా లేవా అనేదే చెబుతుంది. ఎందుకొచ్చాయో చెప్పదు."

"మరి టీకా వేశారని మీకు తెలుసు కదమ్మా?"

"నాకు తెలుసు బాబూ. పరీక్షకి తెలీదు. పాజిటివ్ అన్నది పరీక్ష, నేను కాదు. నేను కిందన సంతకం పెడతానంతే."

మూల బీరువాలో అట్టపెట్టెలు కనిపిస్తుంటే అవేమిటని అడిగాను. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష సామగ్రి అట. దాంతో చేస్తే జబ్బు నిజంగా ఉందో లేదో ఇట్టే తెలిసిపోతుందట. మరి దాన్నే వాడొచ్చు కదా అంటే, ఆవిడ నన్ను జాలిగా చూశారు. జిల్లాలో జబ్బు ఉందని నిర్ధారణ అయితేనే ఆ పెట్టెలు విప్పాలట. నిర్ధారణ రక్త పరీక్షతో కావాలట. ఇప్పుడు అన్నీ పాజిటివ్ వచ్చాయి కదా, విప్పండి అన్నాను. పాజిటివ్ వచ్చిన గుర్రాల విషయం నిర్ధారణ అయిపోయింది కాబట్టి వాటికి ఇంకో పరీక్ష అవసరం లేదట.

వరండా దాటి టీకాల విభాగంలోకి వెళ్లాం. అక్కడ పండగలా ఉంది. పురుషోత్తం గారు అవే ఫలితాలు చూసి సిబ్బందికి స్వీట్లు పంచుతున్నారు.

"చూశారా! నూటికి నూరు శాతం పాజిటివ్! మన టీకా ఎంత గట్టిగా పనిచేసిందో దీన్నిబట్టే తెలుస్తోంది," అంటూ కాలేషా చేతిలో మైసూరుపాకు ముక్క పెట్టారు.

"అయితే మా బేగానికి జబ్బు లేదని ఆ మేడమ్ గారికి ఒక్క మాట చెప్పండి సార్."

"అది మా విభాగం పరిధిలోకి రాదు కాలేషా. మేం వేస్తాం. వాళ్లు చూస్తారు. ఎవరి పని వాళ్లు చేయబట్టే ఈ మాత్రం పాలన నడుస్తోంది."

కాలేషా ఆ మైసూరుపాకు జేబులో వేసుకుని బేగానికి పెట్టాడు.

ఆ వారంలోనే అశ్వ ఏకాంత సంరక్షణ కేంద్రం ప్రారంభోత్సవం జరిగింది. అంటే పాత మార్కెట్ యార్డులో మిరపబస్తాలు వేసే రేకుల షెడ్డు. చుట్టూ ఇనపగేటు. టీకా వేయించుకున్న గుర్రాలన్నిటినీ తీసుకొచ్చి అందులో కట్టేశారు. నేను వాయించాను. ఇలాంటివాటికి ఏం వాయించాలో తెలీక పెళ్లికూతుర్ని అత్తారింటికి పంపేటప్పటి పాట అందుకున్నాను. కాలేషా గేటు బయట నిలబడి ఏడ్చాడు. లోపలికి పోనివ్వరు, గేటు సందులోంచి గడ్డి అందించొచ్చు, అంతే.

ఇక వీరాస్వామి సంగతి చూద్దాం. అతని గుర్రం నెగెటివ్. ఆరోగ్యవంతమైనది. కానీ టీకా సర్టిఫికెట్ లేదు కాబట్టి రోడ్డెక్కకూడదు. టీకా వేయించుకోవచ్చు. వేయించుకుంటే మళ్లీ పరీక్ష. పరీక్ష చేస్తే పాజిటివ్. పాజిటివ్ వస్తే షెడ్డు. వీరాస్వామి ఇదంతా రెండుసార్లు చెప్పించుకుని, గుర్రాన్ని ఇంట్లో కట్టేసి, చంటిపిల్లాణ్ణి ఆడించుకుంటూ కూర్చున్నాడు. ఆ నెలలో మా ఊళ్లో బుద్ధిగా ప్రవర్తించిన మనిషి అతనొక్కడే అని నా అభిప్రాయం.

ఇదంతా సరిగ్గా పెళ్లిళ్ల సీజన్లో వచ్చిపడింది. గుర్రాలు లేవు. ఒక పెళ్లికొడుకు ఆటో టాపు మీద కూర్చున్నాడు. ఇంకొక పెళ్లికొడుకు మేనమామ పట్టుదల మనిషి. మున్సిపల్ పార్కులో పిల్లలు ఎక్కే సిమెంటు గుర్రాన్ని పీకించి ట్రాక్టరు ట్రక్కులో నిలబెట్టించాడు. సెంటర్లో శాఖ సిబ్బంది ఆపి సర్టిఫికెట్లు అడిగారు. రక్తం తీయబోతే రాలేదు. రక్తంలో ఏమీ లేదు కనక నెగెటివ్ అని రాసిచ్చారు. టీకా వేయబోతే సూది విరిగింది. ఒక కాగితమే ఉందని దాన్ని కూడా ఆపేశారు. పెళ్లికొడుకు నడిచి వెళ్లాడు. వాయించుకుంటూ నేనూ నడిచాను.

కాలేషా రోజూ పొద్దున్నే గేటు దగ్గరికి పోయేవాడు. బేగం ఇనప ఊచల్లోంచి మూతి పెట్టి ఆయన భుజం రుద్దేది. పని లేక, నడక లేక దాని కాళ్లు వాస్తున్నాయని ఆయన దిగులు. ఆయన ఇంట్లో బియ్యం డబ్బా సంగతి నన్ను అడక్కండి. మా ఆవిడ రెండుపూటలా అన్నం పంపేది. ఆయన సగం తిని, మిగిలింది షెడ్డుకి పట్టుకుపోయేవాడు.

ఈలోగా శాఖ లెక్కలు తీసింది. రోడ్ల మీద జబ్బు గుర్రం ఒక్కటి కూడా కనిపించలేదు. అసలు గుర్రమే కనిపించలేదు కదా అని మీరు అనొచ్చు. మీరు శాఖలో పనిచెయ్యడం లేదు కాబట్టి అంటారు. మా జిల్లాను అశ్వ ఫ్లూ రహిత జిల్లాగా ప్రకటించాలని నిర్ణయమైంది. మంత్రిగారు గుర్రమెక్కి మెయిన్ రోడ్డులో ఊరేగాలి. అక్కడ చిక్కొచ్చింది. మంత్రిగారు ఎక్కే గుర్రానికైనా రెండు సర్టిఫికెట్లు ఉండాలి కదా. అలాంటి గుర్రం జిల్లాలో లేదు.

పక్క పట్నంలో గుర్రపుస్వారీ నేర్పే క్లబ్బు వాళ్లు పై రాష్ట్రం నుంచి అప్పుడే ఒక గుర్రాన్ని దింపారు. ఎత్తుగా, గోధుమరంగులో, చూడముచ్చటగా ఉంటుంది. పేరు తుఫాను. మంత్రిగారి కోసం దాన్ని అడిగి మా ఊరికి తెప్పించారు. లారీలోంచి దించేటప్పుడు నేనూ కాలేషా అక్కడే ఉన్నాం. దిగీ దిగడంతోనే అది మెడ చాచి దగ్గింది. గొంతులోంచి కాదు, కడుపులోంచి. ముక్కు కారుతోంది. కళ్లు నీరుకారుతున్నాయి.

పురుషోత్తం గారు టీకా వేశారు. ఆయన అలా సూది తీశారో లేదో హైమావతి గారు ఇలా రక్తం తీశారు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. నెగెటివ్. పచ్చ కాగితం ఒకటి, తెల్ల కాగితం ఒకటి, రెండూ తుఫాను మెళ్లో వేలాడాయి.

కాలేషా ఉండబట్టలేకపోయాడు. "సార్, ఆ గుర్రం దగ్గతా ఉందండీ. జ్వరం కూడా ఉంది. చెవులు ముట్టుకుంటే కాలిపోతన్నాయి."

"కాలేషా, దగ్గనేది ఒక అభిప్రాయం. నీకు అలా వినబడింది, ఇంకొకరికి ఇంకోలా వినబడొచ్చు. సర్టిఫికెట్ అలా కాదు, ఎవరు చదివినా ఒకలాగే ఉంటుంది," అన్నారు పురుషోత్తం గారు.

నేను హైమావతి గారి వైపు చూశాను. ఆవిడ గొంతు తగ్గించి నాతో అన్నారు. "దానికి జబ్బు పట్టి రెండు మూడు రోజులే అయ్యుంటుంది మాస్టారూ. యాంటీబాడీలు రావడానికి వారం పైన పడుతుంది. అవి వచ్చేలోపు ఊరేగింపు అయిపోతుంది."

ఊరేగింపు రోజున పురుషోత్తం గారు నన్ను పక్కకి పిలిచి ఒక సాంకేతిక సూచన చేశారు. గుర్రం మెడ చాచినప్పుడల్లా మా పెద్ద డ్రమ్ము మోగాలట. మా ఇస్సాకు గట్టివాడే, కానీ గాంధీ బొమ్మ దాటేసరికే చేతులు పడిపోయాయి. అది అంతగా దగ్గింది. డ్రమ్ము మోగినప్పుడల్లా తనకోసమే అనుకుని మంత్రిగారు జనానికి చెయ్యి ఊపారు. డ్రమ్ము చాలనప్పుడు తాళాలు, తాళాలు చాలనప్పుడు బాణాసంచా. సభలో మంత్రిగారు, "ఈ ఆరోగ్యవంతమైన అశ్వాన్ని అధిరోహించిన అనుభూతి మరువలేనిది" అన్నారు. తుఫాను ఆయన కండువా మీద తుమ్మింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఒక దారి తెలిశాక జనం ఊరుకోరు కదా. టీకా వేసిన వెంటనే రక్తం ఇస్తే రెండు కాగితాలూ ఒకేరోజు చేతికొస్తాయని జిల్లా అంతా పాకిపోయింది. దానికి తుఫాను పద్ధతి అని పేరు పడింది. మండలాల నుంచి గుర్రాలు బారులు తీరాయి. వీరాస్వామి కూడా పెళ్లాం పోరు పడలేక చివరికి లైన్లోకి వచ్చాడు. ఆదర్శంగా ఉంటుందని శాఖ వాళ్లు తుఫానుని ఆ క్యూ పక్కనే కట్టారు. వచ్చిన ప్రతి గుర్రమూ దాన్ని ముక్కుతో పలకరించి, అదే తొట్లో నీళ్లు తాగి, రెండు కాగితాలు మెళ్లో వేసుకుని ఇంటికి పోయింది.

వారం తిరిగేసరికి జిల్లాలో సర్టిఫికెట్లున్న గుర్రాలన్నీ దగ్గుతున్నాయి. వీరాస్వామి పొట్టి గుర్రం అయితే పెళ్లి ఊరేగింపు మధ్యలో మోకాళ్ల మీద కూలబడింది. మెళ్లో రెండు కాగితాలూ ఊగుతూనే ఉన్నాయి. నేను ఆరోజు క్లారినెట్ కింద పెట్టేసి బూతులు తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలీదు. తిట్టడానికి ఒక్క ముఖమంటూ దొరికితే కదా.

రేకుల షెడ్డులోని జబ్బు గుర్రాలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ దగ్గలేదు.

దీనిమీద ఉన్నతస్థాయి కమిటీ కూర్చుంది. టీ, బిస్కెట్లు, జీడిపప్పు. కమిటీ ముందున్న వాస్తవాలు ఇవి: జిల్లాలో ఫ్లూ లేదు, అలాగని ప్రకటన వచ్చేసింది, మంత్రిగారు ఊరేగేశారు. ఆరోగ్యవంతమైనవిగా ధ్రువీకరించిన గుర్రాలన్నీ దగ్గుతున్నాయి. జబ్బు ఉన్నవిగా ధ్రువీకరించినవి దగ్గడం లేదు. వీటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఒక్కటే. కమిటీ అదే తేల్చింది. తీర్మానం పురుషోత్తం గారే చదివి వినిపించారు.

"ఆరోగ్యవంతమైన అశ్వాలన్నిటియందు ఏకరీతిగా గమనించబడిన దగ్గును ఇకమీదట ఆరోగ్య సూచికగా పరిగణించవలెను. ఏకాంత కేంద్రమందలి అశ్వములు సదరు సూచికను ప్రదర్శించిన పిమ్మట మాత్రమే వాటిని సంపూర్ణ స్వస్థత పొందినవిగా భావించి విడుదల చేయవలెను."

"అంటే సార్?" అన్నాడు కాలేషా.

"అంటే, బేగం దగ్గితే ఇంటికి పంపేస్తాం."

షెడ్డులో గుర్రాలున్న మిగతావాళ్లు తెలివైనవాళ్లు. గేటు ఊచల్లోంచి మూతి దగ్గర ఎండుమిరపకాయల పొగ పెట్టి రెండు రోజుల్లో తమవాటిని దగ్గించి విడిపించుకుపోయారు. నేను కూడా కాలేషాకి అదే సలహా చెప్పాను. ఆయన నా మీద విరుచుకుపడ్డాడు.

"నోరెట్టా వచ్చింది మాస్టారూ? బాగున్న దాని కళ్లల్లో మిరపకాయ కొట్టమంటారా? నా కొంప మునిగినా ఆ పని నేను చెయ్యను."

కాలేషా కష్టం చూసి పురుషోత్తం గారి మనసు కరిగింది. ఆయన చెడ్డవాడు కాదని ముందే చెప్పాను కదా. "దానికి ఆరోగ్యవంతుల సాంగత్యం కావాలోయ్. ఒంటరిగా ఉండబట్టే కోలుకోవడం లేదు," అని తుఫానుని తెచ్చి బేగం పక్కనే కట్టించారు. అప్పటికి తుఫాను డొక్కలు ఎండిపోయి, నిలబడటమే కష్టంగా ఉంది. కాలేషా గేటు పట్టుకుని, "వద్దు సార్, దానికి అంటుకుంటది సార్" అని మొత్తుకున్నాడు.

"అంటుకోవాలనే కదా మా ప్రయత్నం," అన్నారాయన ఎంతో అనునయంగా.

బేగానికి అంటుకోలేదు. తుఫాను దాని మొహం మీదే దగ్గింది. దాని గడ్డిలో ముక్కు చీదింది. బేగం ఆ గడ్డి కూడా తిని, తుఫాను వీపు నాకి, హాయిగా నిలబడింది. రెండు డోసుల టీకా, మరి. పురుషోత్తం గారి శాఖ మొత్తం మీద చేసిన ఒకే ఒక్క మంచి పని ఆ టీకా. అది అంత బాగా పనిచేస్తుందని ఆయన కూడా అనుకుని ఉండరు.

సీజన్లో ఆఖరి ముహూర్తం దగ్గరపడింది. ఆ పెళ్లికి గుర్రం కాలేషాదే కావాలని ఎప్పుడో మాట్లాడుకున్నారు. ఆ పెళ్లి కూడా పోతే మళ్లీ ముహూర్తాలు వచ్చేదాకా బేగానికి ఉలవలు లేవు, ఇంట్లో గింజల్లేవు. అమ్మెయ్యడం తప్ప దారి లేదు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. పెళ్లినాడు పొద్దున్నే పురుషోత్తం గారిని, హైమావతి గారిని షెడ్డుకి రప్పించుకున్నాడు. ఆఖరిసారి వినండి సార్, నిన్నటినుంచీ దగ్గుతోంది అన్నాడు. పరీక్ష కోసం గుర్రాన్ని పట్టుకోవాలని చెప్పి లోపలికి కూడా వెళ్లాడు. నేను గేటు బయట నిలబడ్డాను.

ఇద్దరు డాక్టర్లూ నాలుగడుగుల దూరంలో నిలబడి చెవులు రిక్కించారు. బేగం నిశ్చింతగా తోక ఊపింది. కాలేషా దాని మెడని కావలించుకుని, జూలు వెనక మొహం దాచుకున్నాడు. దగ్గు వినబడింది. దుక్కలాంటి దగ్గు. గుర్రం నోరు కదల్లేదు. అది నేను చూశాను, హైమావతి గారు చూశారు, పురుషోత్తం గారు చూశారు. ఆవిడ చూపు రేకుల వైపు తిప్పుకున్నారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇంకొక్కసారి, కొంచెం గట్టిగా," అన్నారు.

ఇంకొక్కసారి గట్టిగా వినబడింది.

"చక్కటి దగ్గు," అంటూ పురుషోత్తం గారు విడుదల కాగితం మీద సంతకం పెట్టారు. ఆవిడా పెట్టారు. ఎన్నాళ్ల నుంచో చూస్తున్నాను, ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టగా చూడటం అదే మొదలు. నాకు ఆ క్షణంలో వాళ్లమీద ప్రేమ కూడా పుట్టింది. కాలేషా పగ్గం విప్పి, బేగాన్ని గేటు దాకా నడిపించుకొచ్చి, పగ్గం నా చేతికిచ్చాడు. బేగం బయటికొచ్చింది.

అన్నాళ్ల మిరప ధూళి, అంతగట్టిగా దగ్గిన దగ్గు, పైగా సంతోషం. ఆయన గొంతు పట్టేసింది. గేటు దాటబోతూ నిజంగానే దగ్గాడు. ఆపుకోలేక మళ్లీ దగ్గాడు.

పురుషోత్తం గారి చెయ్యి గేటుకి అడ్డం పడింది. "ఇదెవరిది?"

"నాదేనండీ," అన్నాడు కాలేషా. అబద్ధం ఆడటం ఆ ఒక్కసారికే చేతనైంది పాపం.

"నీదా!" ఆయన మొహం నిజంగానే విచారంగా మారింది. "కాలేషా, గుర్రం దగ్గితే ఆరోగ్యం. మనిషి దగ్గితే లక్షణం. లక్షణం ఉన్న సంరక్షకుణ్ణి ఆరోగ్యవంతమైన గుర్రాల మధ్యకి పంపితే జిల్లా పేరేం కావాలి?"

గేటు మూశారు. హైమావతి గారు తన దగ్గరున్న పరీక్షే ఆయనకీ చేశారు, వేరే పరీక్ష లేదు కాబట్టి. సాయంత్రానికి కాగితంతో తిరిగొచ్చి, "శుభవార్త, నెగెటివ్. నీలో గుర్రాల ఫ్లూ ఆనవాళ్లే లేవు. టీకా సర్టిఫికెట్ కూడా తెచ్చేస్తే ఇప్పుడే పంపించేస్తాం," అన్నారు.

"ఆ టీకా గుర్రాలకే కదమ్మా వేసేది?"

"అవును బాబూ," అన్నారావిడ. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నేను చూశాను. "ఈ విషయమై రాజధానికి రాస్తాం."

అప్పటికి పొద్దు వాలింది. పెళ్లివారి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఊచల్లోంచి కాలేషా నాతో అంటున్నాడు: "మీరు తీసుకుపోండి మాస్టారూ, ముహూర్తం దాటిపోద్ది. డ్రమ్ముకి బెదరదు. నుదుట కుచ్చు కట్టడం మర్చిపోమాకండి. పోయేముందు గోరువెచ్చటి నీళ్లు పెట్టండి, అంతే." నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ వయసులో నడిరోడ్డు మీద ఏడ్చాను, దాచుకోవాల్సిన పనిలేదు.

పగ్గం పట్టుకుని బేగాన్ని లాగాను. రాలేదు. అదిలించాను. రాలేదు. మెడ తిప్పి ఊచల్లోకి మూతి పెట్టి, ఆయన భుజం మీద ఆనించి నిలబడింది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్న గుర్రం, పైగా మిరప పొగ కూడా తగలకుండా నిజంగానే ఒంట్లో బాగున్న గుర్రం, ఆరోజు మా జిల్లా మొత్తానికి అదొక్కటే. అది మాత్రం రోడ్డెక్కనంది.